తొమ్మిదో స్థలంలోకి వచ్చిన వెలుతురు

ఉత్తరం వచ్చి యాభై ఎనిమిది రోజులైంది. అభ్యంతరం చెప్పుకోవడానికి ఇచ్చిన గడువు అరవై. ఐడహో కొండల్లో, సోరెల్ సరస్సు దగ్గర, వెనక వరసలో ఉన్న ఆరు కుటుంబాలూ మిగిలిన ఆ రెండు రోజుల మీదే ప్రాణం పెట్టుకుని ఉన్నాయి.

వాళ్ళ చిక్కేమిటో ముందు చెప్పుకుందాం. క్యాబిన్లు వాళ్ళవి. తాతలూ తండ్రులూ దుంగలు దొర్లించి కట్టినవి. కింద నేల మాత్రం అడవిది, అంటే ప్రభుత్వానిది. ఆ నేల మీద ఇల్లు నిలుపుకున్నందుకు ఏటా ఫీజు కట్టాలి. అదెంతో తేల్చడానికి చాలా ఏళ్ళకోసారి విలువ కట్టే మనిషి వస్తాడు. అన్ని స్థలాలూ చూడడు. వరసకంతటికీ నమూనాగా ఒక్క స్థలాన్ని అందరూ కలిసి ఒప్పుకుంటే, దాని మీద ఇల్లే లేనట్టు, మనిషి చెయ్యే పడనట్టు ఊహించుకుని వెల కడతాడు. ఆ వెలే ఆరుగురికీ వర్తిస్తుంది.

వెనక వరసవాళ్ళు తొమ్మిదో స్థలాన్ని ఎంచుకున్నారు. అది డెల్ఫీన్ కోప్ అనే రిటైరైన టీచరుది. యాభై ఏళ్ళుగా అందరూ ఎరిగిన చీకటి గుయ్యారం, మిట్టమధ్యాహ్నం కూడా దీపం వెలిగించుకోవలసిన చోటు. అంతకంటే తక్కువ పలికే నేల ఆ కొండ మీద లేదనుకున్నారు. సంఘం కార్యదర్శి ఆర్డిత్ లహ్తి ఆ కాగితం మీద సంతకం పెట్టింది. సంఘం అధ్యక్షుడు రోలండ్ పీట్, ముందు వరసలో నీళ్ళ అంచునే క్యాబిన్ ఉన్న, బాయిసీ నగరంలో పళ్ళ డాక్టరు, మంచి పని చేశారని మెచ్చుకున్నాడు కూడా.

తీరా ఉత్తరం వస్తే, ఏడాదికి ఆరు వందల నలభై డాలర్లున్న ఫీజు నాలుగు వేల ఎనిమిది వందలైంది. దానికి చూపిన కారణం ఒకే ఒక వాక్యం. ఈ స్థలం నుంచి చెట్ల సందుల్లో సరస్సు కనిపిస్తుంది, అని.

ఆ వాక్యం తప్పని రుజువు చేద్దామని శనివారం పొద్దున కెమెరా పట్టుకుని డెల్ఫీన్ వరండాలో నిలబడిన ఆర్డిత్‌కి ఎదురుగా నీలంగా, ఏ దాపరికమూ లేకుండా, సరస్సు కనిపించింది.

*

ఆర్డిత్ చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ఈ వరండాలోకి తను ఎన్ని వందలసార్లు వచ్చి ఉంటుందో లెక్కలేదు. వచ్చిన ప్రతిసారీ కాఫీ గిన్నె వైపూ, డెల్ఫీన్ మొహం వైపూ చూసిందే తప్ప తలతిప్పి అటు చూసిన గుర్తు లేదు. తనే కాదు, ఆరు కుటుంబాల్లో ఒక్కరూ చూడలేదు. ఇది చీకటి స్థలమని అందరికీ తెలుసు. తెలిసినదాన్ని మళ్ళీ ఎవరు చూస్తారు? బయటినుంచి వచ్చిన మనిషి ఒక్కడే కళ్ళతో చూశాడు.

డెల్ఫీన్ ఊళ్ళోకి సరుకులకు వెళ్ళింది. ఆర్డిత్ మెట్లు దిగి, వెలుతురు వస్తున్న దిక్కుకే నడిచింది. ముప్ఫై అడుగులు నడిచేసరికి కాలికింద నేల మెత్తగా తగిలింది. వంగి పైన్ ఆకులు పక్కకు తోసింది. ఆకుల కింద మట్టి, మట్టి కింద మోడు. నేలమట్టానికి కోసి, పైన మట్టి కప్పారు. కాస్త పక్కన ఇంకొకటి. మొత్తం ఏడు తేలాయి.

కోత మిల్లులో ముప్ఫై మూడేళ్ళు రంపం పట్టినవాడి భార్యకు చెక్క భాష తెలుస్తుంది. మూడు మోళ్ళలో చెక్క నీలంగా మారి ఉంది. పురుగు పట్టి నిలువునా చచ్చిన పైన్ చెట్టు లోపల అలాగే నీలం కడుతుంది. చచ్చినవి కోస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. మిగతా నాలుగింటిలో ఆ నీలం లేదు. అవి కోసేనాటికి పచ్చగా బతికి ఉన్న చెట్లు.

అక్కడితో ఆగినా బాగుండేది. కాని ఏడు మోళ్ళ మీదా రంపంతో అడ్డంగా, నిలువుగా గీతలు పెట్టి ఉన్నాయి, చదరంగం బల్ల మాదిరి. వాననీళ్ళు ఆ గాళ్ళలో నిలిచి మోడు త్వరగా కుళ్ళిపోవడానికి అలా కోస్తారు. అందరూ కొయ్యరు. ఆర్డిత్‌కి తెలిసి కోసేవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆమె మామగారు, ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది. రెండోవాడు ఆమె మొగుడు.

ఆమె మట్టి మళ్ళీ కప్పింది, ఆకులు మళ్ళీ పరిచింది. ఎందుకు కప్పానా అని అనుకోవడం మాత్రం ఇంటికి చేరాక మొదలుపెట్టింది.

*

శనివారం మూడింటికి రెయినో లహ్తి ఆవిరిస్నానానికి సౌనా పొయ్యి వెలిగిస్తాడు. అతని తాత ఫిన్లండ్ నుంచి తెచ్చుకున్నది ఒక రంపం, ఒక బైబిలు, ఈ అలవాటు అని అతను నవ్వుతూ చెబుతుంటాడు. దేవదారు చెక్కల చిన్న గది, ఎర్రగా కాగిన రాళ్ళు, వాటి మీద చెంబుడు నీళ్ళు పోస్తే కమ్ముకునే ఆవిరి. పెళ్ళయిన నలభై ఒక్క ఏళ్ళలో వాళ్ళు పోట్లాడుకున్నవన్నీ ఆ గది బయటే. లోపల గొంతు పెంచకూడదని మామగారు పెట్టిన కట్టడి.

అయిదింటికి అటవీ శాఖ ఆఫీసు నుంచి మైటే ఉగార్టే వస్తుంది. పర్మిట్లు చూసే ఆఫీసరు. కార్యదర్శి ఆ స్థలం చూపించి, అభ్యంతరం రాసి ఇవ్వాలి. ఆర్డిత్‌కి ఉన్నది రెండు గంటలు.

పై బల్ల మీద రెయినో, కింది బల్ల మీద ఆమె. ఆవిరిలో అతని మొహం సరిగ్గా కనపడడం లేదు. అది మేలే అనిపించింది ఆమెకి.

"తొమ్మిదో స్థలంలో ఏడు మోళ్ళు చూశాను" అంది.

రెయినో రాళ్ళ మీద నీళ్ళు పోశాడు. రాళ్ళు బుస్సుమన్నాయి.

ఆ చప్పుడు ఆగాక చెప్పాడు. మూడేళ్ళ కిందట, అక్టోబరులో. డెల్ఫీన్ భర్త హార్లన్ ఊపిరితిత్తుల జబ్బుతో బాయిసీ ఆసుపత్రిలో ఉన్నాడు. వచ్చే వేసవి దాటడని డాక్టర్లు తేల్చారు. ఆ వేసవి క్యాబిన్‌లోనే ఉంటానని హార్లన్ పట్టుబట్టాడు. అందరూ క్యాబిన్లు మూసి కిందికి దిగిపోయాక, రెయినో ఒక్కడే నాలుగు రోజులు ఉండి కోశాడు. దుంగలు తనే లాగాడు, కొమ్మలు తనే కాల్చాడు. మర్నాడే మంచు పడి అన్నిటినీ కప్పేసింది.

"హార్లన్ అడిగాడా?"

"అడిగే మనిషా వాడు? ఆ ముందటి వేసవి ఇక్కడ మంచం మీద ఎప్పుడూ గోడవైపు తిరిగి పడుకునేవాడు. కిటికీ వైపు తిరగరా అంటే, అటు మాత్రం ఏముంది, నిలబడి ఉన్న చెట్ల గోడ, అనేవాడు." రెయినో మిల్లులో వేళ్ళు తెగిన కుడిచేత్తో మొహం తుడుచుకున్నాడు. "చచ్చిన మూడూ కోసి ఊరుకుందామనే వెళ్ళాను ఆర్డీ. కోశాక చూస్తే ఏమీ కనపడలేదు. పక్కది కోశాను. రవ్వంత నీలం కనపడింది. అది కనపడ్డాక చెయ్యి ఆగలేదు."

హార్లన్ ఆ వేసవి పదకొండు వారాలు బతికాడు. పదకొండు వారాలూ కిటికీ వైపే తిరిగి పడుకున్నాడు. అది ఆర్డిత్‌కీ తెలుసు. పక్కన కూర్చుని పత్రిక చదివి వినిపించింది తనే. అతను ఏం చూస్తున్నాడో తను తల తిప్పి చూడలేదు, అంతే.

మరి తొమ్మిదో స్థలాన్ని నమూనాగా పెట్టుకుందామన్న రోజు మీటింగులో వెనకబల్ల మీద కూర్చునే ఉన్నావు కదా, అప్పుడెందుకు లేవలేదని అడిగింది. అందరూ చీకటి స్థలమంటుంటే తనూ ఊరుకున్నానన్నాడు. వెల కట్టేవాడు కూడా వాళ్ళలాగే వచ్చి, వాళ్ళలాగే చూడకుండా పోతాడనుకున్నాడట.

"నాకైనా చెప్పవలసింది."

"నీకు చెబితే పాస్టరుకి చెప్పక్కర్లేదు. ఆదివారం నీ మొహం చూస్తే చాలు ఆయనకి."

ఇంకోరోజైతే నవ్వేది. పర్మిట్లో రాసి ఉన్నది ఆమెకి కంఠతా వచ్చు, ఏటా పదిమందికి చదివి వినిపించేది తనే. అనుమతి లేకుండా పచ్చిచెట్టు కొడితే పర్మిట్ రద్దు. రద్దయితే సొంత ఖర్చుతో క్యాబిన్ విప్పేసి, పునాది రాళ్ళు కూడా తీసేసి, నేలను మొదట ఉన్నట్టు చేసి అప్పగించాలి. ఈ చెక్కగది, ఈ రాళ్ళు, మామగారు గొడ్డలితో చెక్కిన గుమ్మం, అన్నీ. చెప్పకపోతే అయిదారు నెలల్లో డెల్ఫీన్ తన క్యాబిన్ విప్పుకోవాలి. టీచరు పెన్షనుతో అంత ఫీజు ఆమె కట్టలేదు. ఆమె వెనక మిగిలిన వాళ్ళూ ఒక్కొక్కరే.

"చెప్పొద్దని నేననను" అన్నాడు రెయినో. "చెప్పమనీ అనలేను. అంత గుండె నాకు లేదు."

ఆర్డిత్ చెమట, ఆవిరి కలిసి కారుతున్న మోకాళ్ళ వంక చూస్తూ కూర్చుంది. ప్రతి ఆదివారం చర్చిలో నిలబడి తప్పులు ఒప్పుకుంటుంది. నూటయాభైమందితో కలిసి, పుస్తకంలో ఉన్న మాటల్లో. అంతమందితో కలిసి ఒప్పుకునేది సులువే. ఒక్కదాన్నే నిలబెట్టి, ఎవరి పేరు, ఎన్ని చెట్లు అని అడిగితే కష్టం. దేవుడికి ఈ ఏడు చెట్ల సంగతి మూడేళ్ళుగా తెలుసు. చనిపోయే మనిషికి ఇంత నీలం దొరికినందుకు సంతోషించి ఉంటాడా, తను పెంచిన నాలుగు పచ్చని ప్రాణాలకు బాధపడి ఉంటాడా? ఆమెకి తెలియలేదు. రెండూ అయి ఉండవచ్చు. ఆయనకు రెండూ పట్టేంత చోటుంది. తనకే లేదు.

*

అయిదింటికి ఆకుపచ్చ ట్రక్కు వచ్చి తొమ్మిదో స్థలం ముందు ఆగింది. మైటే ఉగార్టేకి ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. స్పెయిన్ కొండల నుంచి గొర్రెలు కాచుకోవడానికి ఈ లోయకు వచ్చిన బాస్క్ కుటుంబం పిల్ల. ఆరో తరగతిలో డెల్ఫీన్ దగ్గరే చదువుకుంది.

"బూట్లు తుడుచుకుని రా" అంది డెల్ఫీన్ వరండాలోంచే. "నేల మీ గవర్నమెంటుదే, చాప మాత్రం నాది."

మైటే చిన్నపిల్లలా తుడుచుకుంది. డెల్ఫీన్ కాఫీ పోసింది, ఆర్డిత్ తెచ్చిన యాలకుల రొట్టె ముక్కలు కోసింది. రెయినో పైకి రాలేదు. మెట్ల దగ్గరే టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

మైటే అరగంట ముందే ట్రక్కు కింద ఆపి, నడుచుకుంటూ వచ్చి చూసి వెళ్ళిందట. ఆకుల కింద తాజాగా కదిలిన మట్టి తోసి మోళ్ళు చూసేసింది. దాపరికం లేకుండా చెప్పింది: చెట్లు పురుగుపట్టి వాటంతట అవి చచ్చి ఉంటే ఆ సందు ప్రకృతి చేసినదే, లెక్కలో మార్పుండదు. మనిషి పచ్చిచెట్లు కొట్టి చేసినదైతే ఆ వాక్యం కొట్టేయించి మళ్ళీ వెల కట్టించగలదు, ఆరుగురికీ ఫీజు దిగుతుంది. కాని ఎవరు కొట్టారో, ఎప్పుడు కొట్టారో కాగితం మీద ఉండాలి. సంఘం కార్యదర్శి సంతకం ఉండాలి.

"కొట్టినవాళ్ళ పర్మిట్ సంగతి నా చేతుల్లో ఉండదు" అంది చివర్న, ఎవరివైపూ చూడకుండా.

ఆర్డిత్ నోరు తెరవబోయేలోపే డెల్ఫీన్ కాఫీ గిన్నె కింద పెట్టింది.

"హార్లన్ కొట్టాడు."

మైటే కలం తీసేలోగానే డెల్ఫీన్ మిగతాదీ చెప్పేసింది.

"పోయేముందటి అక్టోబరులో. సరస్సు చూడాలని ఉండేది ఆయనకి. ఆయన్ని ఇప్పుడు మీరేం చేస్తారు? పర్మిట్ నా పేరన ఉంది, తీసేసుకో. ఎలాగూ ఈ ఫీజుకి నేను నిలవలేను. నేను పోతే మిగతా అయిదుగురూ మిగులుతారు. రాసుకో, అక్షరదోషాలు లేకుండా."

ఆర్డిత్ ఆమె వైపు తిరిగింది. డెల్ఫీన్ ఆమెవైపు చూడలేదు, మెట్ల దగ్గర ఉన్న టోపీ వైపు ఒక్క క్షణం చూసింది. అప్పుడు అర్థమైంది. డెల్ఫీన్‌కి మొదటినుంచీ తెలుసు. ఆ వేసవి మొదటిరోజు తలుపు తీసి, ఎన్నడూ లేని వెలుతురు చూసి, ఎవరి పనో గ్రహించి, అప్పటినుంచీ కాఫీ పోస్తూ ఊరుకుంది.

మైటే ఫైలు తెరిచింది. వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఒక కాగితం బల్ల మీద ఆర్డిత్ ముందుకు జరిపింది.

"ఇది మీ చేతిరాతే కదా, మిసెస్ లహ్తి?"

అవును. ఆ అక్టోబరులోనే తను రాసిన ఉత్తరం. హార్లన్ కోప్ ఆసుపత్రిలో ఉన్నాడు, లేచి నిలబడే స్థితిలో లేడు, చలికాలానికి క్యాబిన్ మూసే తనిఖీకి రాలేడు, దయచేసి మన్నించండి, అని.

మైటే గొంతు మామూలుగానే ఉంది. "నేను మిసెస్ కోప్ చెప్పింది రాయగలను. మీరు సంతకం పెడితే ఇంతకు మించి ఎవరూ వెతకరు. పెట్టనంటే, మీరు చెప్పింది రాస్తాను. ఆ ఏడు చెట్లూ హార్లన్ కొట్టాడా?"

ఎంత చిన్న అబద్ధం. మొయ్యడానికి చచ్చిపోయినవాడు ఒప్పుకున్నట్టే ఉంది, అతని భార్య ఒప్పుకుంది, ఆఫీసరు సగం ఒప్పుకుంది. ఒక్క సంతకంతో అయిదు క్యాబిన్లు నిలుస్తాయి, అందులో తనదీ ఒకటి. హార్లన్ గుర్తొచ్చాడు ఆర్డిత్‌కి. వంటింట్లోకి వచ్చిన సాలెపురుగుని కూడా గ్లాసులో పట్టి బయట వదిలే మనిషి. అటువంటివాడి పేరు మీద నాలుగు పచ్చి చెట్లు రాయడం, తను బతికి ఉండి, తన ఇల్లు నిలుపుకోవడానికి. రేపు పొద్దున చర్చిలో అందరితో కలిసి ఆ పుస్తకంలో మాటలు ఎలా అనగలదు?

మెట్ల వైపు చూడాలనిపించింది. చూస్తే చెప్పలేనని చూడలేదు.

"హార్లన్ కాదు" అంది. "రెయినో. మా ఆయన."

డెల్ఫీన్ కుర్చీలో వెనక్కి వాలింది. "దేవుడు నీకు నోరు ఆదివారానికి మాత్రమే ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది ఆర్డిత్" అంది. కోపం లేదు ఆ గొంతులో. అలిసిపోయిన మాట అది.

మైటే రాయడం మొదలుపెట్టింది. తారీఖు, పేరు, పర్మిట్ నంబరు. కాగితం మీద కలం గీసుకుంటున్న చప్పుడు తప్ప వరండాలో ఇంకేమీ వినపడలేదు. ఆర్డిత్ అప్పటికి ధైర్యం చేసి తల తిప్పింది. తిట్టే మొహమో, కూలిపోయిన మొహమో చూస్తాననుకుంది. రెయినో నిటారుగా నిలబడి ఉన్నాడు. పెద్ద బరువు దించుకుని ఊపిరి పీల్చుకుంటున్నవాడిలా ఉన్నాడు. అంత తేలికపడిన మొహం ఆమె మిల్లు మూసేసిన రోజు నుంచి చూడలేదు.

"ఏడు చెట్లు" అని పైకి చదివింది మైటే. "వాటిలో పచ్చివి నాలుగు. సరేనా, మిస్టర్ లహ్తి?"

"ఏడు కాదు."

మైటే తలెత్తింది.

"హార్లన్ కోసం ఏడు. మొత్తం ఇరవై ఆరు" అన్నాడు రెయినో. "మిగతావి ముందు వరసలో. పెద్ద చెట్లు, పచ్చివి."

"రెయినో" అంది ఆర్డిత్.

అతను ఆమె వైపు తిరిగాడు. "మిల్లు పోయాక ఆ రెండేళ్ళూ మనం ఎలా తిన్నామనుకున్నావు ఆర్డీ? చిమ్నీలు తుడిచి?"

చిమ్నీలు తుడిచాననే చెప్పాడు. మసి పట్టిన బట్టలు ఆమే ఉతికింది. ఆ డబ్బుతో కొన్న పిండితోనే ఎన్నోసార్లు యాలకుల రొట్టె చేసి, కృతజ్ఞతగా ప్రార్థన చెప్పి, ముక్కలు కోసి పెట్టింది.

"ఎవరడిగారు?" అంది మైటే. గొంతులో ఇంతకుముందున్న మెత్తదనం లేదు.

"రోలండ్ పీట్. తన స్థలంలోవే కాదు, పక్కవాళ్ళవి కూడా, తన కిటికీకి అడ్డమున్నవి." రెయినో టోపీ పెట్టుకున్నాడు. "తొమ్మిదో స్థలం పేరు మీటింగులో మొదట ఎత్తింది కూడా ఆయనే. నేనిక్కడ కోసింది ఆయనకి తెలుసు, వెనక వరస ఖాళీ అయిపోతే ఆయన కోయించినవి బయటపెట్టే నోరు ఉండదనుకున్నాడేమో. రండి, మోళ్ళు చూపిస్తాను. చీకటి పడటానికి ఇంకా గంటపైనే ఉంది."

అతను ముందు, ఫైలు చంకలో పెట్టుకుని మైటే వెనక, వాలు దిగిపోతున్నారు. వరండా చువ్వ పట్టుకుని నిలబడిన ఆర్డిత్‌కి, రెయినో తెరిచిన ఆ సందులోంచి, అడుగునున్న క్యాబిన్, దాని వెడల్పాటి వరండా తేటగా కనిపిస్తున్నాయి. అక్కడ రోలండ్ పీట్ పడకకుర్చీలోంచి లేచి, తన వైపే వస్తున్న ఆ ఇద్దరినీ చూసి, నవ్వుతూ చెయ్యి ఊపాడు.